చిత్తభ్రమయు మెదడును

మా వీధిలో నాలుగిండ్ల కావల నున్న యొక గృహిణి శ్రావణమాసమున పసుపుకుంకుమలకు మా యింటికి వచ్చి, అందఱును వెడలిన పిదప కూడ కదలక కూర్చుండెను. ఇచ్చిన తాంబూలము చేతిలోనే యున్నది. ఏమమ్మా యని యడిగితిమి. ఆమె కన్నుల నీరు నించుకొని తన కుమారుని సంగతి చెప్పెను.

ఆ పిల్లవానికి 19 ఏండ్లు. ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచు వసతిగృహములో నుండెడివాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన నాటినుండియు వానికి రాత్రులు నిద్రలేదు. విస్తరి ముందు కూర్చుండి, "ఇందులో ఏదో కలిపినారు" అని త్రోసివేసెడివాడు. టెలివిజనులో వార్తలు చదువువారు తన్ను గూర్చియే మాటలాడుచున్నారనెను. ఎవరును లేని గదిలో ఎవరికో సమాధానము చెప్పుచుండెను. చుట్టములు గాలి సోకినదనిరి. తాయెత్తు కట్టించిరి. రెండు మూడు క్షేత్రములు త్రిప్పిరి. నాలుగు మాసములు గడచిన పిమ్మట పట్టణములో వైద్యునికి చూపిరి. ఆయన రక్తపరీక్షలు చేయించి, తలకు ఎం.ఆర్.ఐ. పటము కూడ తీయించెను. పటములో దోషమేమియు లేదని వ్రాసి యిచ్చిరి. అయినను వైద్యుడు, ఇది సైకోసిస్ అను జబ్బు, మందులు వాడవలెనని చెప్పెను.

అప్పటినుండి యింటిలో కలహము మొదలైనది. పటములో ఏమియు లేదని వారే వ్రాసిరి గదా, ఇక జబ్బెక్కడిది, అంతయు పొగరు, తల్లి గారాబము చేసి చెడగొట్టినది, అని అత్తగారును ఆడుబిడ్డయు ననసాగిరి.

"అక్కయ్యగారూ, నాకు రెండే సందేహములు. పటములో కనబడని జబ్బు తలలో ఎట్లుండును? ఒకవేళ ఉన్నయెడల, అది నా పెంపకమువలన వచ్చినదా?" అని ఆమె యడిగెను.

ఈ ప్రశ్నలు ఆమె యొక్కతెవి కావు. ఇట్టి బిడ్డ గల ప్రతి యింటిలోను ఏదో యొకనాడు ఇవి పుట్టుచునే యున్నవి. మేము వైద్యులము కాము. అయినను వైద్యశాస్త్రజ్ఞులు ఈ విషయమున కనుగొనిన సంగతులను తెలిసికొని, మాకు బోధపడినంతవరకు మా సోదరీమణుల కిందు విన్నవించుచున్నాము.

చిత్తభ్రమ యనగా నేమి?

సైకోసిస్ అను మాటకు మనము చిత్తభ్రమ యని చెప్పుకొనవచ్చును. ఇది యొక్క జబ్బునకు పేరు కాదు, జ్వరమువంటి లక్షణము. జ్వరము మలేరియావలన రావచ్చును, టైఫాయిడువలనను రావచ్చును. అట్లే చిత్తభ్రమయు స్కిజోఫ్రీనియా యను వ్యాధిలో రావచ్చును. ఉద్రేకము, దిగులు ఒకదాని వెంట నొకటి మితిమీరి వచ్చు జబ్బులోను రావచ్చును. గంజాయి మొదలగు మత్తుపదార్థములవలనను, కొందఱు బాలెంతలకు కాన్పు పిదపను కలుగవచ్చును. దీనికి ముఖ్యలక్షణములు రెండు. లేని మాటలు వినబడుట, లేని రూపములు కనబడుట యొకటి. ఎవరెంత చెప్పినను సడలని తప్పుడు నమ్మకము రెండవది.

నూటికి సుమారు ముగ్గురకు జీవితములో ఎన్నడో యొకప్పుడు ఈ స్థితి కలుగునని వైద్యుల లెక్క. స్కిజోఫ్రీనియా మాత్రము నూటికి ఒక్కరికంటె కొంచెము తక్కువ మందికే వచ్చును. తఱచుగా ఇది 16 మొదలు 30 ఏండ్లలోపు వయస్సున తల చూపును. మగపిల్లలకు కొంచెము ముందుగను, స్త్రీలకు కొన్ని యేండ్లు ఆలస్యముగను వచ్చుచుండును. బిడ్డ చేతికంది వచ్చెనని తల్లిదండ్రులు సంతసించు వయస్సుననే ఈ యాపద వచ్చుటచేత దుఃఖము రెట్టింపగుచున్నది.

మెదడు నిర్మాణము

పటము సంగతి తెలియవలెనన్న మెదడు కట్టుబడి కొంత తెలియవలెను. పెద్దవారి మెదడు సుమారు 1,300 మొదలు 1,400 గ్రాముల బరువుండును. దాని పైభాగమున ముడుతలు పడిన యొక పొర కలదు. దీని మందము 2 మొదలు 4 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక పెసరగింజంత. మన తలపులకును, నిర్ణయములకును ఆధారమగు జీవకణములు కోట్లకొలదిగా ఈ పొరలో నున్నవి. దీనికి బూడిదవన్నె పదార్థమని పేరు. దాని క్రింద నొకచోటినుండి మఱియొకచోటికి వార్తలు మోయు తీగలవంటి తెల్లని పదార్థ మున్నది. మెదడు నడుమ నీటివంటి ద్రవముతో నిండిన నాలుగు గదులు కలవు. చెవుల కెదురుగా లోలోతున, రెండు ప్రక్కలను, హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. గ్రీకు భాషలో ఆ పేరు గుఱ్ఱపు మొగము గల యొక సముద్రజీవిది. ఆకారమున పోలిక యుండుటచే ఆ పేరు పెట్టిరి. జ్ఞాపకమును నిలుపుట దాని ముఖ్యమగు పని.

ఇంటిగోడలు పలుచనైనకొలదియు లోపలి గదులు విశాలమగును గదా. మెదడులోను అంతే. చుట్టునున్న పదార్థము తగ్గినచో నడుమ నున్న గదులు పెద్దవగును. ఈ చిన్న సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

నూఱేండ్ల వెదకులాట

జర్మనీ దేశపు క్రెపెలిన్ అను వైద్యుడు 1890 తరువాతి సంవత్సరములలో ఈ రోగులను శ్రద్ధగా పరిశీలించి, ఇది మెదడునకు సంబంధించిన వ్యాధియే యని నమ్మెను. ముదిమిలో మతిమఱపు తెచ్చు వ్యాధికి తన పేరు నిచ్చిన ఆల్జీమర్ ఆయనతో గూడ పనిచేసినవాడే. ఆల్జీమర్ 1906లో ఆ వృద్ధాప్యవ్యాధి గుర్తులను సూక్ష్మదర్శినిలో చూపగలిగెను. కాని యౌవనమున వచ్చు ఈ చిత్తభ్రమకు మాత్రము అట్టి స్పష్టమగు గుర్తు దొరకలేదు. 1908లో బ్లాయిలర్ అను స్విట్జర్లాండు వైద్యుడు దీనికి స్కిజోఫ్రీనియా యని పేరు పెట్టెను.

గుర్తు దొరకనందున క్రమముగా కొందఱి దృష్టి మెదడును విడిచి ఇంటిమీద పడినది. 1948లో అమెరికాలోని ఫ్రీడా ఫ్రొమ్-రైక్‌మన్ అను వైద్యురాలు, తల్లి ప్రవర్తనవలన బిడ్డకు ఈ వ్యాధి పుట్టునను భావముతో నొక మాట కల్పించెను. ఆ మాట వైద్యుల నోట చాలకాలము నలిగినది. ఎందఱో తల్లులు బిడ్డ జబ్బుతో పాటు ఆ నిందను కూడ మోసిరి. మా పొరుగింటి యత్తగారన్న మాటయు అదియే గదా.

పుఱ్ఱెను విప్పకయే లోపలి మెదడును చూచు మార్గము 1971లో ఏర్పడినది. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనులోని యొక ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డు కనిపెట్టిన సి.టి. యంత్రముతో మొట్టమొదటగా నొక రోగి తలకు పటము తీసిరి. అయిదేండ్ల పిమ్మట, 1976లో, లండనులోనే నార్త్‌విక్ పార్కు అనుచోట ఈవ్ జాన్‌స్టోన్ అను వైద్యురాలును ఆమె తోడివారును చాలకాలముగా స్కిజోఫ్రీనియాతో బాధపడుచున్న 17 మందికి పటములు తీసి, ఆరోగ్యవంతుల పటములతో పోల్చిచూచిరి. రోగుల మెదడు నడిమి గదులు పెద్దవిగా నుండెను.

అందఱును వెంటనే నమ్మలేదు. ఏండ్ల తరబడి ఆసుపత్రిలో నున్నవారు గదా, మందులవలన మార్పు వచ్చియుండవచ్చును గదా యని సందేహించిరి. ఆ సందేహము న్యాయమైనదే. అది తీరవలెనన్న జబ్బు ముదిరినవారిని గాక, జబ్బు తల చూపిన తొలినాళ్లలోని వారినే పరీక్షింపవలెను.

ఒకే తల్లి, ఒకే పోలిక, రెండు మెదళ్లు

ఆ సంగతికి పోకముందు కవలపిల్లల పరీక్ష నొకదానిని చెప్పవలసియున్నది. ఒక్క అండమునుండి పుట్టిన కవలలకు వంశలక్షణము లన్నియు నించుమించు సమానము. అట్టి 15 జంటలను అమెరికాలో ఎంచుకొనిరి. ప్రతి జంటలోను ఒకరికి స్కిజోఫ్రీనియా కలదు, రెండవవారికి లేదు. 1990లో ప్రకటించిన ఆ పరీక్షాఫలితము ఆశ్చర్యకరమైనది. 15 జంటలలో 14 జంటలయందు జబ్బు గలవారి ఎడమప్రక్క హిప్పోకాంపస్ తోబుట్టువు దానికంటె చిన్నదిగా నుండెను. నడిమి గదులును ఇంచుమించు అన్ని జంటలలో జబ్బు గలవారికే పెద్దవిగా నుండెను.

ఒకే గర్భము, ఒకే వంశము. అయినను ఒకరి మెదడు మార్పు చెందినది, ఒకరిది చెందలేదు. దీనినిబట్టి జబ్బునకు మెదడులో ఆనవాలు కలదనియు, వంశమొక్కటియే దీనికి కారణము కాదనియు తెలియుచున్నది.

తొలినాళ్లలోనే మార్పు

ఇక తొలినాళ్ల సంగతి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున వైద్యులు జబ్బు ఇంకను రాక, దాని ముందుఛాయలు మాత్రమే కనబడుచున్న 75 మందికి ఎం.ఆర్.ఐ. పటములు తీసి యుంచిరి. కాలక్రమమున వారిలో 23 మందికి చిత్తభ్రమ వచ్చినది. 52 మందికి రాలేదు. అప్పుడు పాతపటములను పోల్చిచూడగా, జబ్బు వచ్చినవారికి కణతల లోపలి భాగమునను నుదుటి వెనుక భాగమునను కొన్నిచోట్ల బూడిదవన్నె పదార్థము ముందునుండియే కొంచెము తక్కువగా నుండెను. కొందఱికి ఒక యేడాది తరువాత మరల పటము తీయగా, జబ్బు వచ్చినవారిలో అది మఱికొంత తగ్గియుండెను. 2003లో ఈ సంగతి ప్రకటించిరి. అనగా మార్పు జబ్బు తెలియకముందే మొదలగుచున్నదని దీనివలన తేలినది. ఛాయలు కనబడిన వారిలో ఎక్కువమందికి జబ్బు రానేలేదను మాటను కూడ మఱువరాదు.

తరువాత అనేకదేశముల వైద్యులు తమ పటములను ఒకచోట చేర్చిరి. 2016లో 2,028 మంది రోగులను, 2,540 మంది ఆరోగ్యవంతులను పోల్చిరి. రోగులకు హిప్పోకాంపస్ సగటున చిన్నదిగను, నడిమి గదులు పెద్దవిగను ఉండెను. 2018లో నాలుగువేలకు పైగా రోగుల పటములు చూడగా, పైపొర సగటున పలుచగా నున్నట్లు తెలిసెను.

పటములో దోషము లేదనుట యేల?

అట్లయిన మా పొరుగింటి పిల్లవాని పటములో ఏమియు లేదని యేల వ్రాసిరి? ఇచ్చటనే అసలు కిటుకున్నది. పైని చెప్పిన భేదములు సగటు లెక్కలు. సగటు వేఱు, ఒక మనుష్యుడు వేఱు. సగటున పురుషులు స్త్రీలకంటె పొడుగు. అట్లని మన వీధిలో భర్తకంటె పొడుగైన భార్య లేదా? ఎత్తునుబట్టి మాత్రమే ఇది స్త్రీ, ఇతడు పురుషుడు అని నిర్ణయింపగలమా?

మెదడు భేదము ఇంతకంటెను చిన్నది. పై 2016వ సంవత్సరపు లెక్కనుబట్టి చూడగా, ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుని ఎంచుకొని హిప్పోకాంపస్‌ను కొలిచినచో, నూటికి సుమారు 63 సార్లు ఆరోగ్యవంతునిది పెద్దదిగా నుండును. తక్కిన 37 సార్లు రోగిదే పెద్దదిగా నుండును. అందుచేత ఒక్క పటమును చూచి వీనికి జబ్బున్నదనిగాని లేదనిగాని ఏ వైద్యుడును చెప్పజాలడు. వేలకొలది పటములను యంత్రములతో కొలిచి, లెక్కకట్టినప్పుడే తేలు సన్నని భేదమది. కంటితో చూచి వ్రాయు నివేదికలో అది రాదు.

కావున "పటములో దోషము లేదు" అనగా జబ్బు లేదని యర్థము కాదు. మెదడులో గడ్డ లేదు, రక్తము గడ్డకట్టలేదు, కంటికి కనబడు వాపు లేదు అనియే యర్థము. పటము తీయించునదియు అందుకొఱకే. చిత్తభ్రమవలె కనబడు వేఱు జబ్బులు కొన్ని కలవు. 2007లో వైద్యు లొక సంగతి కనుగొనిరి. శరీరములోని రక్షకశక్తియే పొరపాటున మెదడును పీడించుటచే కొందఱు స్త్రీలు అకస్మాత్తుగా వింతమాటలాడుట, బెదరుట, మూర్ఛలు పోవుట సంభవించును. దీనికి వేఱు చికిత్స కలదు, సకాలమున చేసినచో చాలమంది కోలుకొందురు. అట్టి యువతిని దయ్యము పట్టినదని ఇంటిలో కూర్చుండబెట్టినచో ఎంత అపాయమో చూడుడు. కొన్నిటిని పటమే పట్టియిచ్చును, కొన్నిటికి రక్తమును, వెన్నునీటిని కూడ పరీక్షింపవలసి యుండును. ఏమైనను రోగిని వైద్యునికి చూపుట తప్పదు.

మార్పు ఎక్కడినుండి వచ్చినది?

రెండవ ప్రశ్న తల్లి గుండెకు సంబంధించినది. ఈ భేదము లెట్లు కలుగుచున్నవి?

మల్లెపొదను పెంచు సోదరీమణులకు తెలియును. మొగ్గ తొడుగుటకు ముందు ఆకు దూసి, కొమ్మలు కత్తిరింతుము. కత్తిరింపు తగినంతయైన పూలు విరగబూయును. మితిమీరిన పొద బలహీనమగును. మెదడులోను ఇట్టి కత్తిరింపు జరుగుచుండును. బాల్యమున మెదడుకణముల నడుమ కూడికలు లెక్కకు మించి పుట్టును. పెరుగుచున్నకొలది, ముఖ్యముగా యౌవనారంభమున, పనికిరానివి తొలగిపోవును. నుదుటి వెనుకభాగమున ఈ పని 20 ఏండ్లు దాటిన పిదప కూడ సాగుచుండును. ఈ కత్తిరింపు మితిమీరుటయే స్కిజోఫ్రీనియాకు కారణమై యుండవచ్చునని 1982లో ఫైన్‌బర్గు అను శాస్త్రజ్ఞుడు ఊహించెను. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వ్యాధితో సంబంధము గల యొక జన్యువు కూడికల తొలగింపులో పాలుగొనుచున్నదని చూపి, ఆ యూహకు బలమిచ్చిరి. యౌవనముననే ఈ జబ్బేల వచ్చునను ప్రశ్నకు ఇది కొంత సమాధానము.

వంశమునకు పాలు కలదు. అయినను ఒకే అండపు కవలలలో ఒకరికి జబ్బున్నప్పుడు రెండవవారికి వచ్చుట సగముకంటె తక్కువయే. గర్భమునాటి కష్టములకును పాలు కలదు. 1944-45 శీతకాలమున యుద్ధమువలన హాలెండు దేశమున ఘోరమైన కఱవు వచ్చినది. కఱవు తీవ్రముగా నున్నపుడు కడుపున పడిన పిల్లలకు పెద్దైన పిదప స్కిజోఫ్రీనియా ఇంచుమించు రెట్టింపు మందికి వచ్చినది. ఆ తల్లులు అన్నము దొరకక పస్తుండిరి. అది వారి తప్పా? చిన్నవయస్సున గంజాయి అలవాటగుటయు జబ్బునకు దారితీయు కారణములలో నొకటి. ఇన్నింటిలో తల్లి ముద్దుచేయుటగాని, కోపగించుటగాని బిడ్డ మెదడును ఇట్లు మార్చునని చూపినవారు లేరు. 1948నాటి ఆ మాటను వైద్యలోకము విడిచి చాలకాలమైనది. మన యిండ్లలో మాత్రము ఏల నిలుపవలెను?

మందులను గూర్చియు దాచక చెప్పవలెను. 2011లో అమెరికాలో 211 మంది రోగులను ఏండ్లతరబడి పరీక్షించి, మందులు ఎక్కువగా వాడినవారిలో మెదడు పదార్థము కొంత యెక్కువగా తగ్గినట్లు చూపిరి. కాని మందు ముట్టకముందే భేదములుండుటను పైన చూచితిమి. అందుచే వైద్యులు అవసరమైనంత తక్కువ మోతాదుననే మందు నడుపుటకు యత్నింతురు. ఇది విని మందు మానరాదు. తమంతట తాము మానినవారికి జబ్బు మరల తిరుగబెట్టుట చాల తఱచు. తిరుగబెట్టినకొలది కోలుకొనుట కష్టమగును. సందేహమున్న వైద్యునితోనే చెప్పి మోతాదు మార్పించుకొనవలెను.

మెదడులో మార్పు కలదనగానే ఇక జన్మాంతము వ్రాసిపెట్టినదని నిరాశపడవలదు. మెదడు రాతికట్టడము కాదు. లండనులో వేలాది వీధులను కంఠస్థము చేసిన టాక్సీ తోలువారికి హిప్పోకాంపస్ వెనుకభాగము పెద్దదై యుండుట 2000లో కనుగొనిరి. పనినిబట్టి మెదడు మారును. మదరాసులో 1981 మొదలు, క్రొత్తగా స్కిజోఫ్రీనియా వచ్చిన 90 మందిని వైద్యులు ఎన్నో యేండ్లు వెంబడించి చూచిరి. పదేండ్ల పిదప వారిలో ఎక్కువమంది కుదుటపడి యుండిరి.

ఇంటివారు చేయదగినది

మొదటిది, ఛాయలు కనిపెట్టుట. చదువుకొను పిల్ల అకారణముగా వెనుకబడుట, స్నేహితులను విడిచి గదిలో నుండుట, రాత్రులు మేలుకొనుట, స్నానమును, బట్టలను పట్టించుకొనకుండుట, అందఱిమీదను అనుమానపడుట, తనలో తాను మాటలాడుట. వీనిలో ఒకటి రెండు ఏ పిల్లలకైనను ఉండవచ్చును. పలుగూడి, వారములకొలది నిలిచినచో వైద్యునికి చూపవలెను.

రెండవది, ఆలస్యము చేయకుండుట. చికిత్స లేక గడచిన దినము లెక్కువైనకొలది కోలుకొనుట కష్టమగుచున్నదని అన్ని దేశములవారును కనుగొనిరి. నార్వే దేశమున 1997 మొదలు ఒక ప్రాంతములో పత్రికలలో ప్రకటనలు వేసి, ఉపాధ్యాయులకు నేర్పి, ఛాయలు కనబడగానే రండని పిలిచిరి. అక్కడ రోగులు 5 వారములకే చికిత్సకు వచ్చిరి. అట్టి ప్రయత్నము లేని ప్రాంతములలో 16 వారములు పట్టెను. మొక్కు తీర్చుకొనువారిని మేము వలదనము. కాని మొక్కు వైద్యమునకు అడ్డు రారాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని యేర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టియుంచిన రోగులు తప్పించుకొనలేక 28 మంది ప్రాణములు కోల్పోయిరి. 2017వ సంవత్సరపు మానసికారోగ్య చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది.

మూడవది, మాట. జబ్బు మనవలన రాదు గాని, తగ్గిన జబ్బు తిరుగబెట్టుటకును తగ్గియుండుటకును ఇంటి వాతావరణము కారణము కాగలదు. లండనులో 128 మంది రోగులను ఆసుపత్రినుండి వెడలిన పిదప 9 నెలలు చూచిరి. ఇంటివారు ఎడతెగక దెప్పిపొడుచు ఇండ్లలో సగము మందికి జబ్బు తిరుగబెట్టెను. ఓర్పుగల ఇండ్లలో నూటికి 13 మందికే తిరుగబెట్టెను. అదేవిధముగా చండీగఢ్‌లో చూడగా, మనదేశపు కుటుంబములలో దెప్పుట లండనుకంటె తక్కువగా నుండెను. ఆ మంచిగుణమును నిలుపుకొందము. బిడ్డ "మాటలు వినబడుచున్నవి" అన్నప్పుడు అబద్ధమని వాదింపవలదు, నిజమని ఒప్పుకొననును వలదు. "నాకు వినబడుటలేదు నాయనా, కాని నీకు భయముగా నున్నదని తెలియుచున్నది" అన్న చాలును.

నాలుగవది, బాలెంతల సంగతి. 1,000 కాన్పులలో ఒకరికో యిద్దఱికో కాన్పైన మొదటి రెండు వారములలో చిత్తభ్రమ కలుగును. నిద్రలేక కలవరించుచు, బిడ్డనుగూర్చి వింతగా మాటలాడు బాలెంతను ఒంటరిగా విడువక, ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను. తల్లికిని బిడ్డకును ప్రాణాపాయ ముండును. చికిత్స చేసినచో చాలవఱకు పూర్తిగా నయమగును.

అయిదవది, పెండ్లి. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లయితేగాని పిచ్చి కుదరదు అను సామెతను నవ్వుటకు చెప్పుకొందుము. కాని దానిని నమ్మి, జబ్బు దాచి పెండ్లి చేయు తల్లిదండ్రు లిప్పటికిని కలరు. పెండ్లి మందు కాదు. దాచిన జబ్బు బయటపడిన నాడు రెండు జీవితములు చెడును, మందులు దాచుకొనవలసి వచ్చి రోగము ముదురును.

వైద్యు డెక్కడ దొరకునో తెలియనివారు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ అను ఈ యేర్పాటున డబ్బు చెల్లింపక తెలుగులోనే మాటలాడి సలహా పొందవచ్చును.

ఇంత చెప్పిన పిదప మా పొరుగింటి గృహిణి కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఇదంతయు మా యత్తగారికి చెప్పుటకు నాకు నోరు రాదు. ఒక కాగితముమీద వ్రాసియిండు, ఆమె చదువునేర్చినదే" అనెను. ఆ కాగితమే పెరిగి ఈ వ్యాసమైనది.

పిల్లవాడు మందు వాడుచున్నాడు. విస్తరి త్రోయుట మానినాడు. మాటలు వినబడుట తగ్గినదట, పూర్తిగా పోలేదు. పగలెల్ల నిద్రమత్తుగా నుండుటచే కళాశాలకు ఇంకను పోవుటలేదు. వైద్యుడు మోతాదు మార్చెదనని చెప్పినాడట. మొన్న ఉదయము వారి వాకిట అత్తగారు వానిని ప్రక్కను కూర్చుండబెట్టుకొని చిక్కుడుకాయలు ఈనెలు తీయించుచుండుట మేము చూచితిమి. ఆమె ఏమియు అనుటలేదు, వాడును ఏమియు అనుటలేదు. గిన్నె మాత్రము నిండుచున్నది.